బ్రేకు తొక్కే కాలు

నడిగూడెం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉన్నాయి. రోడ్డుకు ఒక పక్క సగం దాకా వడ్లు, వాటి మీదికి ఎవరూ బండి ఎక్కించకుండా అంచున పేర్చిన రాళ్లు. బడి బస్సు మిగిలిన సగంలో నుంచే పోవాలి. ఎదురుగా ట్రాక్టరు వస్తే ఆగాలి, బర్రెలు వస్తే ఆగాలి, పిల్లలు నిలబడ్డ ప్రతి మలుపు దగ్గరా ఆగాలి. ఆగిన ప్రతిసారీ ధర్మా పళ్లు బిగబట్టి, పాదాన్ని పక్కకు వాల్చి, చిటికెనవేలి వైపు అంచుతో బ్రేకు తొక్కుతున్నాడు.

కుడికాలి బొటనవేలి గోరు పక్కగా కండలోకి దిగిపోయింది. దాని మీద ఎర్రటి కండ ఉబ్బి, ముట్టుకుంటే నెత్తురు వస్తోంది. ఇదివరకు అతను చెప్పులతోనే బండి నడిపేవాడు. ఈ ఏడు బడివాళ్లు డ్రైవర్లందరికీ ఖాకీ చొక్కాలు, నల్ల బూట్లు ఇచ్చారు. ధర్మా సైజు అయిపోయిందని ఒక సైజు తక్కువది చేతిలో పెట్టి, తొడుగుతూ ఉంటే సాగుతుందన్నారు. బూటు సాగలేదు. వేలే లొంగింది.

తలుపు దగ్గర కమ్మీ పట్టుకుని కాటమ్మ నిలబడి ఉంది. యాభై దాటిన మనిషి, ఆ బస్సుకు ఆయమ్మ. పిల్లల్ని రెక్క పట్టి ఎక్కించడం, దించడం ఆమె పని. ఇల్లు నడిగూడెంలోనే కాబట్టి పొద్దున బస్సు మొదట ఎక్కేది ఆమే, సాయంత్రం చివర దిగేదీ ఆమే.

"బండి గట్ల గుంజి గుంజి ఆపుతున్నవేంది ధర్మా? పిల్లలు ఒకలమీద ఒకలు పడుతున్నరు."

"రోడ్డు మంచిగ లేదు పెద్దమ్మా."

"నిన్న గూడ గిదే రోడ్డు గద."

ధర్మా అద్దంలోకి చూశాడు.

కోదాడలో బడి ఆవరణలో బస్సు ఆపి దిగగానే బూటు మడమ అణగదొక్కి, చెప్పులా ఈడ్చుకుంటూ నీడలోకి పోయాడు. కూర్చుంటే వేలు సలుపుతోంది. నిలబడితే బరువు పడుతోంది. బస్సు చుట్టూ తిరిగాడు, టైర్లు తట్టి చూశాడు, తుడిచిన అద్దాన్నే మళ్లీ తుడిచాడు. బస్సుల వ్యవహారం చూసే శ్రీహరి సార్ ఆఫీసు గదిలోంచి తొంగి చూశాడు.

"ఏంటయ్యా ఆ నడక? బూటు సరిగ్గా తొడుక్కో. తల్లిదండ్రులు చూస్తే ఏమనుకుంటారు?"

"తొడుక్కుంట సార్."

సాయంత్రం అద్దెగదికి వచ్చేసరికి భార్య నీలా జాకెట్టు కుట్టడం ఆపి అతని కాలు ముందు కూర్చుంది. నిమ్మకాయకు చిల్లి చేసి, అందులో పసుపు నింపి, వేలికి టోపీలా తొడిగింది. వాళ్లిద్దరూ ఇంట్లో మాట్లాడుకునేది లంబాడీలో. నీలాకు కోపం వస్తే మాత్రం తెలుగులోకి దిగుతుంది.

"ఎన్ని నిమ్మకాయలు తొడగాలె దీనికి? ఆదివారమొస్తే బ్లేడు పట్టుకొని మూల తవ్వుతవ్. రెండు దినాలు మంచిగనిపిస్తది, మల్ల మొదటికే వస్తది. సుధకు ఫోన్ చేస్త. మిర్యాలగూడ దవాఖానల రోజూ గిట్లాంటియి సూస్తది అది."

సుధ నీలాకు చెల్లెలు, అక్కడొక ప్రైవేటు దవాఖానలో నర్సు.

"పోతే పండుకోమంటరు. పండుకుంటే బండి పోతది," అన్నాడు ధర్మా. "పోయినేడు కామెర్లొచ్చి పండుకున్నోనికి ఏమైంది? లేచొచ్చేసరికి తాళంచెయ్యి ఇంకొకని జేబుల ఉండె."

"కాలు పోతే బండి ఉంటదా?"

అతను లేచి గుమ్మం దాకా కుంటుకుంటూ పోయి, మళ్లీ వెనక్కి వచ్చి, నిమ్మకాయను పీకి అవతల పారేశాడు.

మర్నాడు పొద్దున ట్రిప్పు అయ్యాక శ్రీహరి అతన్ని సూర్యాపేట పంపాడు. బస్సు పక్క అద్దం పగిలింది, కొత్తది తేవాలి. సామాన్ల కొట్టువాడు అద్దం గోదాములో ఉందని, తెప్పిస్తానని స్టూలు చూపించాడు. ధర్మాకు కూర్చోబుద్ధి కాలేదు. బజారులో అటు కాసేపు, ఇటు కాసేపు తిరిగాడు. ఒకచోట చెరుకురసం చెప్పి, రసం పట్టేలోపే ముందుకు నడిచాడు. తిరిగి తిరిగి పెద్ద దవాఖాన గేటు ముందుకొచ్చి ఆగాడు. లోపలికి పోయే వాళ్లను కాసేపు చూశాడు. ఆ తర్వాత చీటీ రాయించుకుని వరుసలో నిలబడ్డాడు.

డాక్టరు చిన్న వయసు మనిషి. మేజోడు పుండుకు అంటుకుపోయి ఉంటే గుంజకుండా, ఏదో నీళ్లు పోసి నానబెట్టి, మెల్లగా విడదీసింది. వేలిని దీపం కిందికి తిప్పి చూసింది.

"బ్లేడుతోని కోసుకుంటున్నవా?"

"అప్పుడప్పుడు మేడం."

"మూలలు తవ్వుతే అక్కడ ముల్లు లెక్క మిగిలిపోతది. అదే కండలకు దిగుతది. గోరు ఎప్పుడన్న నేరుగ, అడ్డంగ కత్తిరించాలె. ఇప్పుడైతే ఆ దశ దాటిపోయింది. వేలుకు మత్తు సూది ఇచ్చి, ఆ పక్క గోరు వేరు దాక తీసేస్త. ఇయ్యాల్నే అయిపోతది."

"నొప్పి పోతదా?"

"పోతది. కాని పుండు మానేదాక బూటు తొడగొద్దు, కాలు మీద జోరు పెట్టొద్దు. ఏం పని చేస్తవ్?"

"వాచ్‌మెన్ మేడం." అబద్ధం అంత సులువుగా ఎట్లా వచ్చిందో అతనికే తెలియలేదు.

"అయితే కూసునే పనే. నయం. డ్రైవరైతే కొన్ని దినాలు బండి ముట్టొద్దని చెప్పేదాన్ని."

ఆమె చేతులు కడుక్కోవడానికి అటు తిరిగింది. ధర్మా తడి మేజోడు జేబులో కుక్కుకుని, "బయట మా అన్న ఉన్నడు, చెప్పొస్త," అన్నాడు. బయట ఎవరూ లేరు. వరండా దాటాడు, గేటు దాటాడు, అద్దం తీసుకుని కోదాడ బస్సెక్కాడు. సాయంత్రం ట్రిప్పు వేళకు స్టీరింగు ముందున్నాడు.

ఆ తెల్లారి మంచు దట్టంగా పట్టింది. పిల్లలందరూ ఎక్కేశారు. ఊళ్లన్నీ దాటి కాలువ వంతెన మీదికి వస్తుంటే, మంచులోంచి ఉన్నట్టుండి వడ్ల బస్తాల ట్రాక్టరు వీపు కనపడింది. అది ఆగి ఉంది. ధర్మా బ్రేకు తొక్కాడు. పాదం వాల్చడానికి వ్యవధి లేదు, నేరుగా తొక్కాడు. బూటు మొన వేలిని నొక్కింది. వేలి నుంచి మోకాలి దాకా మంట ఎగదన్నింది. కాలు తనంతట తానే పైకి లేచిపోయింది.

బస్సు ముందుకు పోతోంది. కాలు లేచి ఉంది. ఆ క్షణంలో అతనికి కనపడింది ట్రాక్టరు కాదు, పక్కనున్న పొట్టి గోడ, దాని అవతల నిండుగా పారుతున్న సాగర్ నీళ్లు. చేతి బ్రేకు గుంజి, మడమతో పెడలు మీద పడ్డాడు. బస్సు పోయి ట్రాలీ తలుపుకు కొట్టుకుని ఆగింది.

పిల్లలు ఒక్కసారిగా ఏడ్చారు. ముందు సీట్లో కూర్చునే చిన్నపిల్ల నుదురు కమ్మీకి తగిలి అప్పుడే బొప్పి కట్టింది. కాటమ్మ ఆ పిల్లను ఒళ్లోకి లాక్కుని, కొంగు తడిపి అద్దింది. ట్రాక్టరతను దిగొచ్చి, ట్రాలీకి సొట్ట తప్ప ఏమీ కాలేదని చూసుకుని, "నిద్రపోతున్నవా ఏందే?" అని నాలుగు మాటలని వెళ్లిపోయాడు.

బడి వచ్చేదాకా కాటమ్మ ఆ పిల్లను ఒళ్లోంచి దించలేదు. ఆ పిల్లను టీచరుకు అప్పజెప్పి వచ్చి, బస్సు పక్కన ధర్మా ముందు నిలబడింది.

"బూటు ఇప్పు."

"ఏం లేదు పెద్దమ్మా."

"ఇప్పుమంటున్న. నేను గుడ్డిదాన్ననుకున్నవా? అడ్డం కాలుతోని తొక్కుడు నేను సూస్తలేనా?"

"నా కాలుతోని నీకేం పని? నీ పని నువ్వు సూసుకో," అన్నాడు ధర్మా. గొంతు తాననుకున్నదానికన్నా పైకి లేచింది. పక్క బస్సు డ్రైవర్లు తలలు తిప్పారు. కాటమ్మ అతని మొహంలోకి ఒకసారి చూసి, కొంగు దులుపుకుని వెళ్లిపోయింది.

సాయంత్రం బడి వదిలారు. నడిగూడెం బస్సు ముందు పిల్లలు సంచులతో వరుసలో నిలబడ్డారు. కాటమ్మ తలుపుకు అడ్డంగా చెయ్యి పెట్టి నిలబడి ఉంది. వరుస కదలడం లేదు.

"ఎక్కనియ్యి పెద్దమ్మా, టైం అయితుంది," అన్నాడు ధర్మా.

"ఎక్కనియ్య."

వెనక బస్సులు హారన్లు కొట్టాయి. శ్రీహరి ఫోను చెవికి పెట్టుకునే వచ్చాడు. "ఏంటి గొడవ? ఎందుకు ఎక్కించట్లేదు?"

కాటమ్మ ధర్మా వైపు చూసింది. అతను నేల చూశాడు.

"బ్రేకు మంచిగ లేదు సారూ," అంది ఆమె. "పొద్దుగాల కాలువ కాడ బండి ఆగలే. ట్రాక్టర్ను గుద్దింది. గా చిన్నపిల్ల నొసలు సూడుండ్రి."

శ్రీహరి మెకానిక్ శ్రీనును పిలిచాడు. శ్రీను బస్సెక్కి ఆవరణలో రెండు చుట్లు తిప్పి, దుమ్ము లేచేలా ఆపి చూపించాడు. కిందికి వంగి గొట్టాలు తడిమాడు. "బ్రేకు సరిగ్గానే ఉంది సార్. ఇంతకన్నా ఏం కావాలి?"

"నువ్వు తొక్కితే ఆగుతది," అంది కాటమ్మ. చెయ్యి తియ్యలేదు.

"అంటే? నువ్వేమన్నా మెకానిక్‌వా?" శ్రీహరి మొహం ఎర్రబడింది. ఫోను మళ్లీ మోగుతోంది, ఏ ఊళ్లోనో పిల్లల కోసం ఎదురు చూస్తున్నారు. "ధర్మా, నీ బండి. నువ్వు చెప్పు. బ్రేకు ఎలా ఉంది?"

అందరూ ధర్మా వైపు తిరిగారు. శ్రీను, మిగతా డ్రైవర్లు, వరుసలో పిల్లలు. బూటు లోపల వేలు గుండెలా కొట్టుకుంటోంది.

"మంచిగనే ఉంది సార్," అన్నాడు.

కాటమ్మ చెయ్యి తలుపు మీది నుంచి జారింది.

"విన్నావా?" అన్నాడు శ్రీహరి. "ఉత్తపుణ్యానికి పిల్లల్ని ఎండలో నిలబెట్టావు. రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు."

కాటమ్మ బస్సులో తన సీటు కింద పెట్టుకున్న టిఫిను సంచి తీసుకుని, పిల్లల వరుస పక్క నుంచి గేటు వైపు నడిచింది.

ధర్మా బస్సెక్కాడు. పదో తరగతి అమ్మాయి ఒకతెను తలుపు దగ్గర నిలబెట్టాడు. గేటు దాటగానే బస్సు ఓరగా ఆపి, కుడి బూటు, మేజోడు ఊడదీసి సీటు కిందికి తన్నాడు. ఉత్తకాలితో పోనిచ్చాడు. ప్రతి బండికీ, ప్రతి కుక్కకీ ఎంతో దూరం నుంచే భయపడుతూ, ఎద్దుబండిలా నడిపాడు. సైకిళ్లు కూడా దాటిపోయాయి.

నుదుట బొప్పి ఉన్న చిన్నపిల్ల ఇంజను పక్క సీటులో కూర్చుంది. "డ్రైవరంకుల్, ఆయమ్మ ఎందుకు రాలే?" అంది.

"రేపొస్తది."

"మరి నన్నెవరు దించుతరు?"

ఆ పిల్ల వాళ్లమ్మ వంతెనకు ఇవతలే పొలం పనిలో ఉండి చెయ్యెత్తింది. ధర్మాయే దిగి, కుంటుకుంటూ ఇటు తిరిగొచ్చి, రెక్క పట్టి దించాడు. పిల్ల వాళ్లమ్మ అతని ఉత్తకాలు చూసింది. అక్కణ్ణుంచి కాలువ వంతెన ముందు దాకా వచ్చి బస్సు ఆపేశాడు. ఆ వంతెన దాటాలంటే ధైర్యం చాలలేదు. లోపల ఇంకా పిల్లలున్నారు. బడికి ఫోన్ చేసి, కాలు పని చేస్తలేదు, ఎవరినన్నా పంపండి అని మాత్రం చెప్పి, రోడ్డు మీదికి దిగి, సాయం వచ్చేదాకా బస్సుకు ఈ కొస నుంచి ఆ కొసకు తిరుగుతూనే ఉన్నాడు. ఇంకో డ్రైవరును వెంటబెట్టుకుని వచ్చిన మెకానిక్ శ్రీను ఆ కాలు చూసి, తాళంచెయ్యి తీసుకున్నాడు.

పొద్దున్నే నీలాను వెంటబెట్టుకుని మిర్యాలగూడ బస్సెక్కాడు. దారిపొడుగునా రైసుమిల్లుల ముందు వడ్ల లారీలు వరుసలు కట్టి ఉన్నాయి. బస్సు ఆగిన ప్రతిచోటా ధర్మా కుడికాలు తెలియకుండానే నేలను తొక్కుతోంది. తొక్కినప్పుడల్లా మొహం ముడుచుకుంటోంది. నీలా అతని మోకాలి మీద చెయ్యి వేసి నొక్కి పట్టింది.

సుధ దవాఖాన గేటు దగ్గరే ఎదురొచ్చింది. బావ కాలు చూసి, "ఇంత దాక ఆగినవా?" అని, చక్రాల కుర్చీ తెస్తానంటే ధర్మా వద్దన్నాడు.

"ఏం చేస్తుంటావు?" అని సర్జన్ అడిగాడు.

"డ్రైవర్ని సార్. బడి బస్సు," అన్నాడు ధర్మా. సర్జన్ కళ్లద్దాల మీది నుంచి ఒకసారి చూశాడు.

వేలి మొదట్లో రెండు పక్కలా సూదులు పొడిచారు. ఆ మంటకు బల్ల అంచు పట్టుకున్నాడు. కాసేపటికి వేలు తనది కానట్టయింది. రబ్బరు పట్టీ చుట్టి బిగించారు. సర్జన్ సన్నటి కత్తెరతో గోరు అంచును నిలువుగా చీల్చి, పట్టకారుతో పట్టి, తిప్పుతూ లాగాడు. లోపల పచ్చిగా, నల్లగా, చివర కొక్కెంలా వంగిన ముక్క బయటికొచ్చింది. దూదిపుల్లతో ఏదో మందు వేరు మీద రుద్దాడు, మళ్లీ అక్కడ మొలవకుండా. సుధ ఆ ముక్కను కట్టుగుడ్డ మీద పెట్టి చూపించింది. బియ్యపుగింజ కన్నా కొంచెం పెద్దదుంది.

"గింతేనా?" అన్నాడు ధర్మా.

"గింతే బావా."

అతను దానివైపే చూస్తూ ఉండిపోయాడు. కట్టు కట్టి, కాలు దిండు మీద ఎత్తిపెట్టి, సాయంత్రం దాకా కదలొద్దన్నారు. మధ్యాహ్నం కాకముందే లేచి కూర్చున్నాడు. నీలా, సుధ ఇద్దరూ ఎంత చెప్పినా వినలేదు. "పండుకుంట. ముందు ఒక్క మాట చెప్పొచ్చి పండుకుంట," అన్నాడు.

కోదాడలో దిగి, నీలాను గదికి పంపి, నేరుగా బడికి పోయాడు. బస్సులు బయల్దేరే వేళ. నడిగూడెం బస్సులో డ్రైవరు సీటులో శ్రీహరే ఉన్నాడు. వరికోతల కాలం, బయటి డ్రైవర్లంతా హార్వెస్టర్ల మీదికీ లారీల మీదికీ పోయారు, అడిగినా దొరకడం లేదు. తలుపు దగ్గర ఎవరూ లేరు, పిల్లలు ఒకరినొకరు తోసుకుంటూ ఎక్కుతున్నారు.

"రా నాయనా, రా. చెప్పాపెట్టకుండా ఎక్కడికి..." అని మొదలుపెట్టిన శ్రీహరి, కట్టు చూసి ఆగాడు.

"సార్, బ్రేకు మంచిగనే ఉండె," అన్నాడు ధర్మా. శ్రీను, ఇతర డ్రైవర్లు వినేట్టుగానే అన్నాడు. "నా కాలు మంచిగ లేకుండె. కాలువ కాడ నొప్పికి కాలు లేసిపోయింది. కాటమ్మకెరుక. నా బండి పోవద్దని ఆమె బ్రేకు పేరు చెప్పింది. మీరడిగితే నేను నోరు మూసుకున్న."

శ్రీహరి చాలాసేపు స్టీరింగు మీద వేళ్లతో తట్టాడు. "పిల్లలున్న బండయ్యా అది."

"అవ్ సార్."

"నువ్వు మాత్రం తగ్గేదాకా ఈ గేటు లోపలికి రావొద్దు. తగ్గాక కూడా చూద్దాం, ఏమీ చెప్పలేను." తర్వాత వెనక్కి తిరిగి, తోసుకుంటున్న పిల్లల్ని చూశాడు. "ఆమెను రమ్మను. నేను చెప్పానని చెప్పు."

"మీరే చెప్పాలె సార్. నేను చెప్తే రాదు."

శ్రీహరి నడిగూడెం దాకా ధర్మాను ఆ బస్సులోనే ఎక్కించుకున్నాడు.

కాటమ్మ ఎవరివో వడ్లకు కూలికి పోయింది. ఊరి చివర రోడ్డు మీద పరిచిన వడ్లలో పాదాలు ఈడ్చుకుంటూ, చాలు పక్కన చాలు తీస్తూ నడుస్తోంది. బస్సు ఆగింది. శ్రీహరి కిటికీలోంచి తల బయటపెట్టి, "కాటమ్మా, రేపు పొద్దున రా," అని, ఇంకేదో అనబోయి, "పిల్లలు నిలబడట్లేదు," అన్నాడు. ఆమె తలూపింది. బస్సు వెళ్లిపోయింది. ధర్మా వడ్ల అంచున మిగిలాడు.

"తీశిండ్రా?" అంది కాటమ్మ, నడక ఆపకుండా.

"తీశిండ్రు పెద్దమ్మా. సార్‌కు అంత చెప్పిన."

ఆమె చాలు చివరిదాకా పోయి తిరిగొచ్చింది.

"నిన్న సారు నిన్నడిగినప్పుడు నువ్వు నోరు తెరుస్తవనుకున్న," అంది. "నాకు పని పోయిందని కాదు. వడ్లల్ల తిరుగుత, మిరప తోటల తిరుగుత. నువ్వు మల్ల గా పిల్లల్ని ఎక్కించుకొని పోయినవ్. గది నాకు నిద్ర పట్టనియ్యలే."

కట్టు మీద నెత్తురు చుక్క తేలింది. ఆమె అది చూసి, వడ్ల పక్కనున్న ఖాళీ గోనెసంచి మడిచి రాయి మీద వేసింది.

"కూసో. కాలు పైన పెట్టు. కోదాడ ఆటో వస్తే నేనే ఆపుత."

మళ్లీ వడ్లలోకి నడిచింది.

పుండు మానింది. కొత్త గోరు సన్నగా, నేరుగా పెరుగుతోంది. శ్రీహరి అన్నాళ్లూ తానే నడిపాడు. డ్రైవరు దొరికినా మరెందుకో పెట్టుకోలేదు. ఒక సాయంత్రం ధర్మాను పిలిపించి, పట్టీలున్న చెప్పులు తొడుక్కొచ్చిన అతని కాళ్ల వైపు చూసి, తాళంచెయ్యి ఇచ్చాడు.

బస్సు దగ్గర పిల్లలు వరుసలో ఉన్నారు. కాటమ్మ ధర్మాను చూసి, బస్సు కింది మెట్టు మీద కూర్చుంది.

"చెప్పు ఇడువు."

అతను విడిచాడు. ఆమె కుడి అరచెయ్యి తెరిచి, మోచెయ్యి మోకాలికి ఆనించి, నిలువుగా పట్టింది.

"తొక్కు."

"పెద్దమ్మా..." ధర్మా వెనక్కి జరిగాడు. "పెద్దదానివి. నీ చెయ్యి మీద కాలు పెట్టనా?"

"పిల్లలు గీ కాలు మీదనే ఇంటికి పోవాలె. నా చెయ్యెంత? పెట్టు."

శ్రీను పనిచేస్తున్న చోటి నుంచి లేచి నిలబడ్డాడు. పిల్లలు గుసగుసలాపారు. ధర్మా బస్సు కమ్మీ పట్టుకుని, కాలెత్తి, వేళ్లు ఆమె అరచేతికి ఆనించాడు. వడ్లల్లో, చీపుళ్లతో గరుకెక్కిన చెయ్యి. మెల్లగా నొక్కాడు.

"గట్ల కాదు. ముంగట పిల్లగాడు ఉరికొచ్చిండనుకో."

ధర్మా నొక్కాడు. బొటనవేలితో, నేరుగా, బలం కొద్దీ. ఆమె మోచెయ్యి వెనక్కి పోయి పై మెట్టుకు గుద్దుకుంది. ఆమె అతని మొహం మీది నుంచి చూపు తిప్పలేదు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి, కాని అవి నొప్పివి కావు. కాలు మాత్రం లేవలేదు.

"సాలు," అంది.

చెయ్యి చీరకు తుడుచుకుని, కమ్మీ ఆసరాతో లేచి, తలుపు పక్కకు జరిగింది.

"ఎక్కుండ్రి బిడ్డా. నూకుకోకుండ్రి, ఒకలెన్క ఒకలు."